రాత్రి బడికి మొదట 11 మంది వచ్చారు, ఇప్పుడు నలుగురే. ఏం చెయ్యాలి?

పాకాల_పిల్ల

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మాది పాకాల దగ్గర చిన్న పల్లె. బీఈడీ అయ్యాక తిరుపతిలో డీఎస్సీ కోచింగ్ తీసుకున్నాను, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటున్నాను. మూడు నెలల కిందట అమ్మ వాళ్ళ పొదుపు సంఘంలో ఒక గొడవ జరిగింది. సంఘంలో పది మంది ఉంటే ఆరుగురు వేలిముద్ర వేసేవాళ్ళే. తీర్మానాల పుస్తకం ఒక్కరి దగ్గరే ఉంటుంది, అందులో ఏం రాశారో మిగతావాళ్ళకు తెలియదు, "ఇక్కడ వెయ్యి" అంటే వేస్తారు. మా పిన్నమ్మ తీసుకున్న అప్పు ఇరవై వేలు, పుస్తకంలో ఉన్నది నలభై. ఆ పుస్తకం ఒకరోజు నా చేతికి వస్తే చదివి చెప్పాను. పిన్నమ్మ నమ్మలేదు, "సరిగ్గా చూడు పాపా, సరిగ్గా చూడు" అని మూడుసార్లు అడిగింది. తర్వాత పెద్దవాళ్ళు కూర్చుని డబ్బు సర్దుబాటు చేశారు, అది అయిపోయింది. కానీ ఆ రాత్రి అమ్మ "నిన్ను బీఈడీ దాకా చదివించినానే, నువ్వు నాకు ఒక్క అక్షరమన్నా చెప్పియ్యలేదు కదా" అంది. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ వారంలోనే మా ఊరి భజన గుడిలో రాత్రి ఏడున్నరకు బడి మొదలుపెట్టాను. సొంత డబ్బుతో పలకలు, బలపాలు తెచ్చాను. మొదటి రోజు 11 మంది ఆడవాళ్ళు వచ్చారు, అందరిలో చిన్నామెకు 29, పెద్దామెకు 61. అ ఆ ల నుంచి మొదలుపెట్టి ఱ దాకా వచ్చేసరికి నెల పట్టింది. గుణింతాలు ఎత్తుకోగానే ఒక్కొక్కరే మానేశారు. ఇప్పుడు అమ్మ, పిన్నమ్మ, ఇంకో ఇద్దరు. అడిగితే ఒకామె కళ్ళు లాగుతున్నాయి అంటుంది, ఒకామె ఆవు ఈనింది అంటుంది, ఒకామెకు ఇంట్లో ఊరుకోవడం లేదు, భర్త పలక తీసి వీధిలోకి విసిరేశాడు. మా మామ అయితే నా ముందే "ఈ వయసులో చదివి కలెక్టర్లు అవుతారా, నీ పరీక్ష నువ్వు చూసుకో" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ టెన్షన్‌గా ఉంది. డీఎస్సీ దగ్గర పెట్టుకుని రోజుకు రెండు గంటలు దీనికి పోతున్నాయి. అయినా వదలాలని లేదు. నేను చెప్పే పద్ధతిలోనే తప్పుందా? పెద్దవాళ్ళకు చదువు చెప్పిన అనుభవం ఉన్నవాళ్ళు, పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకో ప్రశ్న కూడా ఉంది. దీనివల్ల నిజంగా ఊళ్ళో ఏమైనా మారుతుందా, లేక సంతకం పెట్టడం దగ్గరే ఆగిపోతుందా?

పుత్తూరు_అయ్యవారు

అమ్మా, నేను రిటైరైన స్కూలు టీచర్ని. నీ పోస్టు రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట చెప్తాను, 11 మందిలో నలుగురు మిగలడం ఓటమి కాదు. నెల రోజులు అ ఆ ఇ ఈ లు దిద్దించిన తర్వాత కూడా నలుగురు వస్తున్నారంటే వాళ్ళకు చదువు మీద ఎంత ఆకలి ఉందో ఆలోచించు.

1990, 91 ప్రాంతంలో మన చిత్తూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం పెద్ద ఎత్తున జరిగింది, దానికి అక్షర తపస్మాన్ అని పేరు. ఈ పేరు వేరే జిల్లావాళ్ళకు అర్థం కాదేమో గానీ మన పల్లెల్లో ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. భారతం ఉత్సవం జరిగే ప్రతి ఊళ్ళో అర్జునుడి వేషం కట్టినాయన పాశుపతం కోసం పాటలు పాడుకుంటూ మెట్టు మెట్టుగా తపస్సు మాను అనే పొడుగాటి కంబం ఎక్కడం చూసి పెరిగినవాళ్ళే కదా అందరూ. అక్షరాలు నేర్వడం కూడా అట్లాంటి తపస్సే అని వాళ్ళే అనుకున్నారు. కళాజాతా బృందాలు సాయంత్రం ఊళ్ళోకి వచ్చి డప్పు కొట్టి పాటలు పాడి, చిన్న నాటకాలు వేసేవాళ్ళు. ఊరు మొత్తం కదిలేది. పది మందికి ఒక వాలంటీరు, జీతం లేదు, లాంతరు వెలుతురులో పాఠం. మూడు వాచకాలు, అన్నీ కలిపి సుమారు 200 గంటల్లో పూర్తి కావాలని లెక్క. అప్పుడు నేను కొత్త టీచర్ని, మా మండలంలో వాలంటీర్లకు ట్రైనింగ్ ఇచ్చేవాణ్ణి.

నువ్వు చేసిన పొరపాటే మేమూ మొదట్లో చేశాం. చిన్నపిల్లలకు చెప్పినట్టు అక్షరమాల వరసగా చెప్పడం. పిల్లవాడికి ముందు పన్నెండేళ్ళు ఉంటాయి, ఙ ఎందుకు, ఝ ఎందుకు అని అడగడు. పగలంతా కలుపు తీసి వచ్చిన మనిషికి ఙ నేర్పిస్తే ఆమెకు దానితో ఏం పని? అప్పట్లో వాచకాలు తయారుచేసినవాళ్ళు ఇది గ్రహించి మాట నుంచి అక్షరానికి వచ్చే పద్ధతి పెట్టారు. వత్తులు లేని చిన్న మాటలు ముందు చెప్పు. పని, పాలు, ఆవు, నీరు, కూలి. ఈ ఐదు మాటల్లోనే ఎన్ని అక్షరాలు, ఎన్ని గుణింతం గుర్తులు వచ్చాయో చూడు. పాలు వచ్చినామెకు పాప, పాట వాటంతట అవే వస్తాయి. వత్తులు ఎప్పుడు చెప్పాలంటే, వాళ్ళకు కావలసిన మాటలో వత్తు వచ్చినప్పుడు. అప్పు, వడ్డీ, బియ్యం, పట్టా. "అప్పు" అని బోర్డు మీద రాసి, దీని గురించి మాట్లాడుకుందాం అన్నామనుకో, అరగంట ఎవరూ లేవరు. మాట్లాడించిన తర్వాతే రాయించు. ఈ ముక్క నేను అనుభవంతో చెప్తున్నాను, బలపం పట్టడం కంటే ముందు నోరు తెరవాలి.

ఊళ్ళో ఏమైనా మారుతుందా అని అడిగావు. మన పక్క జిల్లా నెల్లూరు సంగతి నీ వయసువాళ్ళకు తెలియకపోవచ్చు. అక్కడ 1991 జనవరిలో అక్షర దీపం అని మొదలైంది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, తాగుడు వల్ల నాశనమైన సంసారం గురించి. దూబగుంట అనే పల్లెలో రాత్రి బడికి వచ్చే ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, ఇది మన ఇంటి కథే కదా అనుకుని, కూలిడబ్బులు మింగుతున్న సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అట్లా బయటికి వచ్చింది. ఆ పల్లె కథనే తర్వాతి వాచకంలో ఇంకో పాఠంగా వేస్తే, అది చదివిన వేరే ఊళ్ళ ఆడవాళ్ళు కూడా చీపుర్లు, కారంపొడి పట్టుకుని బయటికి వచ్చారు. 1992లో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. ఉద్యమం మన జిల్లాకూ పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది 1997లో ఎత్తేశారు, నిజమే, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కానీ నెల్లూరులో ఆ ఆడవాళ్ళే తర్వాత పొదుపు లక్ష్మి అని రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. ఈరోజు మీ అమ్మ వాళ్ళ సంఘం ఏ వరసలో వచ్చిందో వెనక్కి వెళ్ళి చూస్తే ఈ రాత్రి బడులు కూడా కనబడతాయి.

మా లోపం ఇంకొకటి చెప్పి ఆపుతాను. మూడు వాచకాలు అయిపోగానే పరీక్ష పెట్టి, చదువు వచ్చేసిందని రాసుకుని వెళ్ళిపోయాం. తర్వాత చదువుకోవడానికి వాళ్ళ చేతికి ఏమీ ఇవ్వలేదు. ఏడాది తిరిగి వెళ్తే చాలామంది మళ్ళీ వేలిముద్రకు వచ్చేశారు. ఒకామె నన్ను చూసి తలదించుకుంది, ఆమె తలదించుకోవాల్సిన పని లేదు, దించుకోవాల్సింది మేము. బడి ముగిశాక వాళ్ళు ఏం చదువుతారో ఇప్పుడే ఆలోచించుకో.

పలమనేరు_ఆవులక్క

చెల్లీ, నేను 38 ఏళ్ళకు చదువు నేర్చుకున్న దాన్ని. ఇది నేనే టైపు చేస్తున్నా, మెల్లగా చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

నాకు మూడు ఆవులు. పొద్దున సాయంత్రం పాల కేంద్రానికి పోస్తాను. చీటీ ఇస్తారు, దాంట్లో లీటర్లు, ఫ్యాటు అంటే వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అంటే వెన్న, నీళ్ళు పోగా పాలల్లో మిగిలేది, రేటు, మొత్తం అని ఉంటాయి. పదేళ్ళు ఆ చీటీ నేను కొంగున ముడేసుకుని వచ్చి డబ్బాలో పడేసేదాన్ని. పదిహేను దినాలకు బిల్లు ఇస్తే ఎంత ఇస్తే అంత. పక్కింటామె పాలకు ఎందుకు రేటు జాస్తి, నా పాలకు ఎందుకు తక్కువ అని అడగాలని ఉంటుంది, ఏమని అడగాలో తెలియదు.

మా ఊరికి సాక్షర భారత్ అని పెద్దవాళ్ళకు చదువు చెప్పే ప్రభుత్వ కేంద్రం వచ్చినప్పుడు అక్కడ సెంటర్ చూసుకునే అమ్మాయి ఒకరోజు, అందరూ మీ ఇళ్ళల్లో ఉన్న కాగితాలు పట్టుకుని రండి అనింది. ఒకరు రేషన్ కార్డు, ఒకరు ఉపాధి హామీ జాబ్ కార్డు, ఒకరు కరెంటు బిల్లు, నేను పాల చీటీలు. ఆ దినం నుంచి నేను ఒక్క రోజు మానలేదు. అంకెలు ముందు నేర్పించింది. 3.4 అంటే ఏమి, 3.9 అంటే ఏమి, పాయింటు ఎందుకు పెడతారు. పాయింటు తర్వాతి అంకె మారితే లీటరు రేటు మారుతుందని తెలిసినాక నాకు ఆ పాయింటును ఎవరూ మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఫ్యాటు ఎందుకు పడిపోతుంది, మేత మార్చాలా, పాలు పిండేటప్పుడు చివరి పాలు పూర్తిగా తీయాలా, చివరి పాలల్లోనే కదా వెన్న జాస్తి, ఇదంతా చీటీ చదవడం వచ్చినాకనే నాకు అర్థమైంది. ఒకసారి చీటీలో ఒకటి, బిల్లులో ఒకటి ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి అడిగినాను. సరిచేసి ఇచ్చినారు. ఆ దినం నేను ఇంటికి నడిచి వచ్చిన నడకే వేరు.

అందుకని నువ్వు అ ఆ లు పక్కన పెట్టి వాళ్ళ కాగితాలు తెమ్మను. మీ వైపు కూడా అందరికీ ఆవులు ఉంటాయి కదా.

ఇంకొకటి, ఏడున్నరకు బడి పెడితే ఎట్లా? అది సంగటి కెలికే వేళ. మొగుడు ఇంటికొచ్చే వేళ. మా సెంటరు మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర, పాలు పిండే వేళకు ముందే వదిలేసేవాళ్ళు. ఏ వేళ కుదురుతుందో నువ్వు చెప్పకుండా వాళ్ళనే అడుగు.

పలక విసిరేసిన ఆయన సంగతి. మా ఇంట్లో కూడా జరిగింది. నేను ఆయనకు ఎదురు చెప్పలేదు, మా సెంటరు అమ్మాయి మా అత్త దగ్గరకు వచ్చి కూర్చుని మాట్లాడింది. ఆరు నెలలకు ఆయన మందుల చీటీ నేనే చదివి, ఏది పొద్దున, ఏది రాత్రి అని మాత్రల అట్టల మీద గుర్తులు పెట్టినాను. తర్వాత ఆయన ఏమీ అనలేదు. నేను ఓపెన్ టెన్త్ కట్టింది కూడా ఆయన ఇచ్చిన డబ్బుతోనే. లెక్కలు రెండుసార్లు పోయింది, మూడోసారి వచ్చింది.

కంటి_ఆసుపత్రి_సిస్టర్

చిన్న మాట. "కళ్ళు లాగుతున్నాయి" అన్నామె సాకు చెప్పడం లేదు. నలభై దాటాక దాదాపు అందరికీ చత్వారం మొదలవుతుంది, దగ్గరివి మసకగా కనిపిస్తాయి. చదువుకున్నవాళ్ళు వెంటనే గుర్తుపట్టి అద్దాలు పెట్టుకుంటారు. చదవడం అలవాటు లేనివాళ్ళకు సూదిలో దారం ఎక్కించేటప్పుడో, బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడో తప్ప తెలియదు. మీ 11 మందిలో నలభై దాటినవాళ్ళు ఎంతమందో చూడండి, వాళ్ళలో చాలామందికి పలక మీది అక్షరం అలుక్కుపోయినట్టే కనబడుతూ ఉంటుంది, తమకు బుర్ర లేదు అనుకుని మానేస్తారు. క్లాసులో ప కి వ కి తేడా తెలియడం లేదు అని మీరు అనుకునేది చాలాసార్లు కంటి సమస్యే. దగ్గర చూపు అద్దాలకు పెద్ద ఖర్చు కాదు. ముందు ఒకసారి కంటి పరీక్ష చేయించండి, షుగర్ ఉన్నవాళ్ళను తప్పకుండా పంపండి. గుడిలో లైటు ఎక్కడ ఉందో కూడా చూడండి, వాళ్ళ వెనక ఉంటే వాళ్ళ నీడ వాళ్ళ పలక మీదే పడుతుంది.

బంగారుపాళెం_మామిడి

నేను వేరేగా చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా అవ్వకు ఒక్క అక్షరం రాదు. కానీ భారతం మిట్ట దగ్గర పద్దెనిమిది రోజులు హరికథ, రాత్రి వీధి నాటకం విని విని భారతమంతా ఆమెకు నోటికి వచ్చు. ద్రౌపది సభలో అడిగిన ప్రశ్న ఆమె చెప్తుంటే మాకు ఒళ్ళు గగుర్పొడిచేది. మామిడి తోట కాపు చూసి ఎన్ని టన్నులు వస్తుందో చెప్పేది, దళారి లెక్క తప్పితే పట్టుకునేది. ఆమెను నిరక్షరాస్యురాలు అని లెక్కలో రాసుకుని పోతే నాకు మంట. చదువు రానివాళ్ళకు తెలివి లేదన్నట్టు, మనం వెళ్ళి వెలుగు ఇవ్వాలన్నట్టు మాట్లాడటం ఈ కార్యక్రమాలన్నిట్లో ఉంటుంది.

రెండోది, ఇప్పుడు ఫోన్ అన్నీ చదివి వినిపిస్తుంది. వాయిస్ మెసేజ్ పంపుతారు, కొట్లో బాక్సు ఎంత డబ్బు పడిందో గట్టిగా చెప్తుంది. ఈ రోజుల్లో 60 ఏళ్ళ మనిషిని గుణింతాలతో కష్టపెట్టడం అవసరమా? ఆ రెండు గంటలు ఆ అమ్మాయి డీఎస్సీకి చదువుకుంటే ఒక టీచర్ వస్తుంది, ఊరికి అదే పెద్ద సాయం.

పలమనేరు_ఆవులక్క

అన్నా, ఫోన్ చదివి వినిపిస్తుంది, నిజమే. మా సంఘం తీర్మానాల పుస్తకం ఫోన్లో లేదు, ఒకరి బీరువాలో ఉంది. ఓటీపీ వస్తే ఇంకొకరికి చూపించి ఇదేమని అడిగే మనిషి డబ్బు ఎవరి చేతిలో ఉన్నట్టు? మీ అవ్వ తెలివి గురించి మీరు చెప్పింది నాకు చాలా బాగుంది. అంత తెలివి ఉన్నామె బ్యాంకులో వేలిముద్ర అనగానే పక్కన నిలబడాల్సి వచ్చింది చూడు, నా బాధ దాని గురించే.

ఎస్వీయూ_పరిశోధన

నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నా విషయం వయోజన విద్యే. మామిడి అన్న మొదటి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. రెండో మాటకు నాకు గుర్తొచ్చిన ఒక చరిత్ర చెప్తాను, పాకాల చెల్లి పరిస్థితికి చాలా దగ్గరగా ఉంటుంది.

అమెరికాలో సౌత్ కరొలైనా అనే రాష్ట్రంలో జాన్స్ ఐలాండ్ అని ఒక దీవి. 1950లలో అక్కడి నల్లజాతివాళ్ళు ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలో ఒక భాగం చదివి చూపించాలి. సరైన చదువు దొరకనియ్యరు, చదువు రాదు కాబట్టి ఓటు లేదంటారు. ఈసా జెంకిన్స్ అనే ఆయన పొద్దున్నే కూలివాళ్ళను బస్సులో పట్నానికి తీసుకెళ్ళేవాడు. బస్సులో ఒక ప్రయాణికురాలు, నాకు ఆ భాగం నేర్పిస్తే నేను ఓటరునవుతాను అని అడిగితే, బస్సులోనే నేర్పించడం మొదలుపెట్టాడు. తర్వాత టెనెసీలో హైలాండర్ అనే జానపద పాఠశాల సాయం చేసింది. 1932లో మైల్స్ హోర్టన్ వాళ్ళు పెట్టిన బడి అది, నల్లజాతి ఉద్యమకారిణి రోజా పార్క్స్ కూడా బస్సులో తెల్లవాళ్ళకు సీటు ఇవ్వనని కూర్చోవడానికి కొన్ని నెలల ముందు 1955 వేసవిలో అక్కడికి వెళ్ళి వచ్చింది. వాళ్ళ సాయంతో దీవిలో ముందు వైపు సరుకుల కొట్టు, వెనక గదిలో బడి పెట్టారు, తెల్లవాళ్ళ కంట పడకుండా.

1957 జనవరిలో 14 మందితో మొదలైంది. చెప్పింది టీచర్ కాదు, బెర్నీస్ రాబిన్సన్ అనే బ్యూటీషియన్, బట్టలు కూడా కుట్టేది. నాకు చెప్పడం రాదు అని ఆమె ముందు ఒప్పుకోలేదు. టీచర్లయితే పిల్లలకు చెప్పినట్టే చెప్తారని ఆమెనే పట్టుబట్టి పెట్టారు. ఆమె కూడా మొదట చిన్న తరగతుల పిల్లల పుస్తకాలే తెచ్చింది. అవి పెద్దవాళ్ళకు పనికిరావని వెంటనే గ్రహించి, మీకు ఏం నేర్చుకోవాలని ఉంది అని అడిగింది. మా పేరు రాయాలి, బైబిల్ చదవాలి, మనియార్డరు ఫారం నింపాలి, ఓటరు నమోదు చట్టం చదవాలి అన్నారు. పాఠాలు అవే. ఆ బడులు తర్వాత దక్షిణ రాష్ట్రాలంతా వ్యాపించాయి. 1961లో టెనెసీ ప్రభుత్వం హైలాండర్‌ను మూయించింది, కానీ అప్పటికే ఈ పౌరసత్వ బడులు మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ కిందికి మారాయి, హైలాండర్‌లో పనిచేసిన టీచర్ సెప్టిమా క్లార్క్ నడిపించింది. బ్రెజిల్‌లో కూడా ఇట్లాంటిదే. 1963లో అంగికోస్ అనే ఊళ్ళో పాలో ఫ్రెయిరీ అనే విద్యావేత్త 300 మంది కూలివాళ్ళకు వాళ్ళ పనిలోని మాటలతోనే చదువు నేర్పించాడు. అక్కడ చదువు రానివాళ్ళకు ఓటు లేదు. 1964లో సైన్యం అధికారం లాక్కోగానే ఆయన్ను జైల్లో పెట్టింది, తర్వాత దేశం వదిలి వెళ్ళిపోవాల్సి వచ్చింది.

మన దగ్గర ఓటుకు చదువుతో ముడి పెట్టలేదు, 1951-52 మొదటి ఎన్నికల నుంచే అందరికీ ఓటు, అందుకే బ్యాలెట్ పెట్టెల మీద గుర్తులు పెట్టారు. అది చాలా గొప్ప నిర్ణయం. మరి మన ఊళ్ళో అక్షరం రాకపోతే మూసుకుపోయే తలుపు ఏది అని వెతకాలి. నా ఫీల్డ్ వర్క్‌లో చూసినంతవరకు తీర్మానాల పుస్తకం, బ్యాంకు ఫారం, ఉపాధి హామీ మస్టరు అంటే హాజరు పట్టీ, భూమి కాగితం. చెల్లీ, నీ బడి పుట్టిందే ఆ తీర్మానాల పుస్తకం దగ్గర కదా, మరి పాఠంలో అది ఎందుకు లేదు? నీ పోస్టు చదివినప్పటి నుంచి నాకు అదే ప్రశ్న.

పని విషయం. సాక్షర భారత్ 2018 మార్చితో ఆగిపోయింది. ఇప్పుడు ఉన్నది ఉల్లాస్ అనే కేంద్ర ప్రభుత్వ వయోజన విద్య పథకం, 2022 నుంచి 2027 వరకు, 15 ఏళ్ళు దాటినవాళ్ళకు. వాలంటీరుగా యాప్‌లో నమోదు చేసుకోవచ్చు, జీతం ఉండదు. చదవడం, రాయడం, లెక్కలు మూడింటికీ 50 చొప్పున 150 మార్కుల పరీక్ష ఉంటుంది, పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. మీ మండల విద్యాధికారి ఆఫీసులో అడిగితే చెప్తారు. 29 ఏళ్ళ ఆమెకు ఇష్టముంటే ఆవులక్కలాగా ఓపెన్ టెన్త్ చెప్పు, 14 ఏళ్ళు నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు, సబ్జెక్టులు విడివిడిగా పాసవుతూ పోవచ్చు, రిజిస్ట్రేషన్ ఐదేళ్ళు చెల్లుతుంది.

బంగారుపాళెం_మామిడి

బస్సు సంగతి నాకు తెలియదు. పుస్తకం బీరువాలో ఉంది అన్న మాట కూడా గట్టిగా తగిలింది అక్కా. మా అవ్వ పట్టా కాగితం ముప్పై ఏళ్ళు వేరేవాళ్ళ ఇంట్లో ఉండింది, "భద్రంగా పెడతాం" అని తీసుకున్నారు. ఆ గొడవ ఇంకా తేలలేదు. పలకలు, అద్దాలు ఏమైనా కావాలంటే నేను పంపిస్తాను చెల్లీ.

పాకాల_పిల్ల

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

ముందు వేళ మార్చాను. అడిగితే వాళ్ళే మధ్యాహ్నం రెండు అన్నారు, ఉపాధి పనుల రోజుల్లో మూడు. నా చదువు రాత్రికి మారింది, ఇప్పుడు నాకూ హాయిగా ఉంది. మానేసిన ఏడుగురి ఇళ్ళకూ వెళ్ళాను, బడికి రమ్మని అడగలేదు, ఇంట్లో ఉన్న కాగితాలు చూపించమని అడిగాను. ఒక్కో ఇంట్లో గంటసేపు పట్టింది. ప్లాస్టిక్ కవర్లలో, బియ్యం డబ్బాల్లో, దేవుడి పటాల వెనక ఎన్ని కాగితాలు దాచుకున్నారో. ఏది దేనికో తెలియదు కాబట్టి ఏదీ పారెయ్యలేదు. ఒకామె దగ్గర ఎప్పుడో కట్టేసిన అప్పు రసీదు, కట్టాల్సిన ఇన్సూరెన్స్ నోటీసు ఒకే కవర్లో ఉన్నాయి.

సిస్టర్ గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆరుగురికి చత్వారం. 61 ఏళ్ళ పెద్దమ్మ అద్దాలు పెట్టుకుని మొదట చూసింది పలక కాదు, తన అరచెయ్యి. "గీతలు ఇన్ని ఉండాయా" అని చాలాసేపు చూసుకుంది. మామిడి అన్న పంపిన డబ్బుతోనే అద్దాలు కొన్నాం, పేరు చెప్పొద్దన్నారు కాబట్టి ఇంతకంటే రాయను.

పాల చీటీ పాఠం పెట్టిన రోజు తొమ్మిది మంది వచ్చారు. ఇంత గోలగా ఏ క్లాసూ నేను చూడలేదు. ఒకామె ఫ్యాటు 4.1, ఇంకొకామెది 3.5 అని తెలిసి, మేత గురించి వాదన మొదలై, నేను మూలన కూర్చుని వింటూ ఉండిపోయాను. అయ్యవారు సార్ చెప్పిన నోరు తెరవడం అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. ఆవులక్కా, మీ పోస్టు వాళ్ళకు చదివి వినిపించాను. మిమ్మల్ని ఒకసారి మా ఊరికి రమ్మంటున్నారు.

అన్నీ కుదిరాయని కాదు. పలక విసిరేసిన ఆయన భార్య ఇంకా రావడం లేదు. వాళ్ళ అత్త దగ్గరకు రెండుసార్లు వెళ్ళి కూర్చున్నాను, రెండోసారి కాఫీ ఇచ్చింది. ఇంకొకామె చంటిబిడ్డతో ఉంది, ఆమెకు నేనే వారానికి రెండు రోజులు ఇంటికి వెళ్తున్నాను.

తీర్మానాల పుస్తకం సంగతి. నెలనెలా ఐదో తేదీన సంఘం సమావేశం. ఈసారి పిన్నమ్మ, పుస్తకం అందరి ముందూ చదవాలని అడిగింది. లీడరు ముందు ఊరుకుంది, తర్వాత నన్ను పిలిచి చదవమంది. నేను చదవబోతుంటే అమ్మ నా చేతిలోంచి తీసుకుని, "తేదీ నేను చదువుతా" అంది. తేదీ చదివింది, హాజరైనవాళ్ళ పేర్లలో నాలుగు కూడబలుక్కుని చదివింది, ఐదో పేరులో వత్తు దగ్గర ఆగింది. మిగతాది నేను చదివాను. వచ్చే నెల ఎవరు చదవాలో వాళ్ళే పేరు రాసుకున్నారు. పేరు అంటే పిన్నమ్మే. ఇప్పుడు రోజూ పాత పేజీలు కాపీ తీయించుకుని ఇంట్లో చదువుకుంటోంది, "తీర్మానించడమైనది" అనే మాట దగ్గర చిక్కుకుంటోంది. రేపు ఆ ఒక్క మాటే పాఠం.